కొవిడ్ తర్వాత డేటింగ్: కలవడానికి ముందే వడపోత

క్లుప్తంగా: లాక్‌డౌన్ రోజుల్లో డేటింగ్ యాప్‌ల వాడకం విపరీతంగా పెరిగింది కానీ, వాడేవాళ్ల సంఖ్య పెద్దగా పెరిగిన దాఖలా లేదు. అప్పటికే యాప్‌లలో ఉన్నవాళ్లే ఎక్కువసేపు గడిపారు. నిలిచిపోయిన మార్పులు వేరు. ఎదురుపడక ముందే ఆరా తీసే అలవాటు కుదురుకుంది. అనుకోకుండా పరిచయాలు అయ్యే చోట్లు పలచబడ్డాయి. ఆ సందులోకి మోసగాళ్లు దూరారు. ఇక అంతా వీడియోలోనే అనుకుని డబ్బు పెట్టిన కంపెనీలు మాత్రం దెబ్బతిన్నాయి.

## పొంతన లేని రెండు అంకెలు

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. మూడు వారాలు తిరగకముందే, మార్చి 29న, టిండర్ అనే డేటింగ్ యాప్‌లో ఒక్క రోజులో 300 కోట్లకు పైగా స్వైప్‌లు (నచ్చితే కుడికి, లేదంటే ఎడమకు ఫొటోను వేలితో జరపడం) నమోదయ్యాయి. అప్పటిదాకా ఆ యాప్‌లో ఏ రోజూ అన్ని జరగలేదు. ఆ తర్వాతి నెలల్లో ఆ అంకెను వందసార్లకు పైగా దాటామని, సంభాషణల నిడివి 32 శాతం పెరిగిందని కంపెనీ చెప్పుకుంది. బయట తలుపులన్నీ మూసుకున్నాక జనమంతా ఫోన్లలోకి వచ్చేశారని, ఇక కొత్త పరిచయాలన్నీ అక్కడే అవుతాయని అప్పట్లో వార్తలు రాసినవాళ్లకూ, షేర్లు కొన్నవాళ్లకూ అనిపించడంలో వింత లేదు.

అయితే ప్యూ రీసెర్చ్ సెంటర్ అమెరికాలో చేసిన రెండు సర్వేలను పక్కపక్కన పెడితే ఈ కథ అతకదు. 2019లో 'ఎప్పుడైనా డేటింగ్ సైటు గానీ యాప్ గానీ వాడారా' అని అడిగితే వయోజనుల్లో 30 శాతం మంది అవునన్నారు. 2022లో అడిగినా 30 శాతమే. 'ఇప్పుడు వాడుతున్నారా' అని కాదు, 'ఎప్పుడైనా వాడారా' అని అడిగారన్నది ఇక్కడ ముఖ్యం. ఒకసారి వాడినవాళ్లు తర్వాత వాడలేదని చెప్పరు. కాబట్టి ఇలాంటి అంకె పెరగడం తేలిక, తగ్గడం కష్టం. మధ్యలో ఇంత పెద్ద ఉపద్రవం వచ్చిపోయినా అది కదల్లేదు. తమ అనుభవం మొత్తమ్మీద బాగానే ఉందన్నవాళ్లు మాత్రం 57 శాతం నుంచి 53 శాతానికి తగ్గారు.

రెండు అంకెలూ తప్పు కావు. స్వైప్‌ల లెక్క చెప్పేది ఎంతసేపు వేళ్లు ఆడాయన్నది. సర్వే చెప్పేది ఎంతమంది మనుషులన్నది. లాక్‌డౌన్‌లో పెరిగింది మొదటిది. సాయంత్రాలు ఖాళీ, కలవడానికి వీల్లేదు, ఒంటరిగా ఉన్నవాళ్లకు మాట్లాడే మనిషి కావాలి. అప్పటికే యాప్ ఉన్నవాళ్లు దాన్నే తెరిచి కూర్చున్నారు. యాప్ జోలికి ఎప్పుడూ వెళ్లని మిగతా 70 శాతంలో ఎక్కువమంది అప్పుడు కూడా వెళ్లలేదు. కలవడానికి వీలులేని కాలంలో, కలవడం కోసం పెట్టిన యాప్‌లో కొత్తగా చేరడానికి కారణమూ పెద్దగా లేదు.

పెళ్లిళ్ల లెక్క ఇంకో గందరగోళానికి దారితీసింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2020లో జరిగిన పెళ్లిళ్లు 85,770. అంతకుముందు ఏడాదితో పోలిస్తే 60 శాతానికి పైగా తక్కువ. అమెరికాలో 2019లో 20 లక్షలు దాటిన పెళ్లిళ్లు 2020లో 17 లక్షల లోపుకు పడిపోయి, 2022కల్లా మళ్లీ 20 లక్షలు దాటాయి. ఇవి చాలావరకు అప్పటికే జంటలుగా ఉన్నవాళ్ల వాయిదాలు. కొత్తగా ఎవరికి ఎవరు పరిచయమయ్యారన్నది ఈ లెక్కలో కనిపించదు. (ఈ విషయంలో ఏళ్ల తరబడి ఒకే తీరులో సేకరించిన అంకెలు ఎక్కువగా అమెరికావే. అక్కడి శాతాలను వేరే దేశానికి యథాతథంగా అంటగట్టకూడదు. వాటి వెనక పనిచేసిన కారణాలు మాత్రం చాలా చోట్ల ఒక్కటే.)

## కొవిడ్‌కు ముందే మొదలైన కథ

పరిచయాలు ఇంటర్నెట్‌లోకి మారడానికి కారణం కొవిడేనని చాలామంది అనుకుంటారు. కానీ మ్యాచ్.కామ్ అనే డేటింగ్ సైటు 1995లోనే వచ్చింది. టిండర్ 2012లో వచ్చింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం సామాజిక శాస్త్రవేత్త మైకేల్ రోజెన్‌ఫెల్డ్, మరో ఇద్దరు కలిసి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అమెరికాలో 2017లో కలిసిన స్త్రీపురుష జంటల్లో 39 శాతం మంది మొదట పరిచయమైంది ఇంటర్నెట్‌లోనే. 2009లో అది 22 శాతం, 1995లో రెండు శాతం. మిత్రుల ద్వారా కలిసిన జంటలు అదే కాలంలో 33 శాతం నుంచి 20 శాతానికి తగ్గాయి. సహోద్యోగుల ద్వారా కలిసినవి 19 నుంచి 11కు దిగాయి. 2013 ప్రాంతంలోనే ఇంటర్నెట్ మిత్రులను దాటేసింది.

ఇక్కడ పోయింది పరిచయం చేసే మనిషి. ఆ మనిషి చేసే పని పేర్లు చెప్పి పక్కకు తప్పుకోవడం ఒక్కటే కాదు. ఇద్దరూ తెలిసినవాళ్లు కాబట్టి ముందే ఒక వడపోత జరిగిపోతుంది. పెళ్లయిన సంగతి దాచేవాళ్లు, డబ్బు ఎగ్గొట్టేవాళ్లు, కోపిష్ఠివాళ్లు చాలావరకు ఆ గడప దగ్గరే ఆగిపోతారు. తేడా వస్తే అడగడానికి మధ్యలో ఒకరు ఉంటారు కాబట్టి ఇద్దరూ కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని మసలుకుంటారు. యాప్‌లో ఆ మధ్యమనిషి లేరు. అవతలి వ్యక్తి ఎలాంటివారో తేల్చుకునే భారమంతా వాడేవాళ్ల మీదే పడింది. 2020కి ముందు ఆ భారాన్ని ఎక్కువమంది మొదటి కలయికలోనే దించుకునేవాళ్లు. ఏదైనా జనం ఉండే చోట అరగంట కూర్చుని చూస్తే సరిపోతుందనుకునేవాళ్లు. లాక్‌డౌన్ ఎత్తేసింది సరిగ్గా ఆ అరగంటనే.

## మొదటి నెలల్లో యాప్‌లు ఏం చేశాయి

కంపెనీలు త్వరగానే కదిలాయి. ప్రపంచంలో ఏ ఊరివాళ్లతోనైనా మాట్లాడనిచ్చే 'పాస్‌పోర్ట్' సదుపాయాన్ని టిండర్ 2020 ఏప్రిల్ నెలాఖరుదాకా ఉచితం చేసింది. ఎలాగూ కలవలేనప్పుడు అవతలివాళ్లు పది కిలోమీటర్ల దూరంలో ఉన్నా, పది వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నా ఒకటే. హింజ్, ఇంట్లోంచే డేట్‌కు ఇద్దరూ సిద్ధమేనా అని అడిగే బటన్ పెట్టింది. బంబుల్‌లో వాయిస్, వీడియో కాల్స్ 2019 నుంచే ఉన్నాయి. టిండర్ వీడియో కాల్‌ను జులైలో కొన్ని చోట్ల పరీక్షించి, అక్టోబరులో ప్రపంచమంతటా తెచ్చింది. ఇద్దరూ విడివిడిగా సరేనంటేనే కాల్ కలిసేలా పెట్టారు. అపరిచితుల మధ్య వీడియో అంటే ఏమేం జరగొచ్చో కంపెనీలకు బాగానే తెలుసు.

సాంకేతికంగా ఇందులో కొత్తేమీ లేదు. ఫోన్లో వీడియో కాల్ అప్పటికి పదేళ్ల పాతది. అయినా 2020కి ముందు, మ్యాచ్ అయిన, అంటే యాప్‌లో ఇద్దరూ ఒకరినొకరు ఎంచుకున్న, కొత్త మనిషిని 'వీడియో కాల్ చేద్దామా' అని అడిగితే చాలామందికి ఎబ్బెట్టుగా ఉండేది. ఏ ఉద్దేశంతో అడుగుతున్నారోనన్న అనుమానం వచ్చేది. ఆ ఇబ్బందిని పోగొట్టింది డేటింగ్ యాప్‌లు కావు, ఆఫీసు మీటింగులు. జూమ్‌లో రోజువారీ మీటింగుల హాజరు 2019 డిసెంబరులో కోటి ఉంటే, 2020 ఏప్రిల్‌లో 30 కోట్లకు చేరింది. పొద్దుటి నుంచి పైఅధికారితో, పిల్లల టీచరుతో, డాక్టరుతో వీడియోలో మాట్లాడినవాళ్లకు రాత్రి కొత్త మనిషితో మాట్లాడటం పెద్ద విషయం అనిపించలేదు.

## మారింది వరుస

కొవిడ్ మిగిల్చిన మార్పుల్లో లోతైనది ఇదే. పాత వరుసలో మ్యాచ్ అవ్వడం, నాలుగు మెసేజ్‌లు, ఆ తర్వాత నేరుగా కలవడం. కొత్త వరుసలో మెసేజ్‌లకూ కలయికకూ మధ్య ఒక మెట్టు చేరింది: పది, పదిహేను నిమిషాల వాయిస్ కాల్ లేదా వీడియో కాల్. అందరూ చేస్తారని కాదు. అడిగితే తప్పుగా అనుకోరు అన్నంత మామూలు అయింది. అడిగినా ప్రతిసారీ తప్పించుకునేవాళ్ల మీద అనుమానం రావడం కూడా అప్పటి నుంచే మామూలైంది.

ఈ చిన్న మెట్టు ఖర్చు లెక్కను తలకిందులు చేసింది. నేరుగా కలవాలంటే తయారవ్వాలి, ప్రయాణం చేయాలి, డబ్బు పెట్టాలి. తీరా వెళ్లాక నచ్చలేదని ఐదు నిమిషాల్లో లేచి రాలేరు. వీడియో కాల్‌లో ఇవేవీ లేవు. ఫొటోలో మనిషి, కాల్‌లో మనిషి ఒకరేనా? మాట తీరు ఎలా ఉంది? ఎదుటివాళ్లను మాట్లాడనిస్తున్నారా? ఇలాంటి మోటు ప్రశ్నలకు ఇంట్లో కూర్చునే జవాబు దొరుకుతుంది. ముఖ్యంగా స్త్రీలకు, తెలియని మనిషిని ఒంటరిగా కలవడంలో ఉండే భయం కొంత ముందుగానే తగ్గుతుంది.

అయితే ఏ వడపోతకైనా ఒక వాలు ఉంటుంది. గలగలా మాట్లాడేవాళ్లకు, కెమెరా ముందు తడబడనివాళ్లకు ఇది కలిసొచ్చింది. నెమ్మదిగా కలిసేవాళ్లు, నత్తి ఉన్నవాళ్లు, ఇరుకింట్లో పదిమంది మధ్య ఉంటూ విడిగా మాట్లాడుకునే గది లేనివాళ్లు నష్టపోయారు. ఒక మనిషి నడక, వాసన, నలుగురిలో ఉన్నప్పటి తీరు తెరమీద తెలియవు. కాల్‌లో ఆకట్టుకున్నవాళ్లు ఎదురుపడ్డాక నచ్చకపోవచ్చు. అది కనీసం తెలుస్తుంది. కాల్ దగ్గరే ఆగిపోయినవాళ్లలో ఎంతమంది ఎదురుపడితే నచ్చేవారో ఎవరికీ తెలియదు. ఈ రెండో రకం నష్టం ఏ సర్వేలోనూ కనిపించదు కాబట్టి దాని గురించి చర్చ కూడా తక్కువ.

వీడియో జోలికి వెళ్లకుండా మెసేజ్‌లతోనే వారాలు నడిపినవాళ్లది ఇంకో కథ. కమ్యూనికేషన్ పరిశోధకుడు జోసెఫ్ వాల్తర్ 1996లోనే ఒక సంగతి చెప్పారు. రాతలో మాట్లాడుకునేటప్పుడు మనుషులు తమలో మెరుగైనదే ఎంచి చూపిస్తారు. చదివేవాళ్లు ఖాళీలను తమ ఊహతో, ఎక్కువగా మంచి ఊహతో, నింపుకుంటారు. అందుకే కొన్నిసార్లు మెసేజ్‌ల పరిచయం ఎదురెదురు పరిచయం కంటే గాఢంగా అనిపిస్తుంది. లాక్‌డౌన్ ఈ దశను బలవంతంగా సాగదీసింది. రెండు వారాల్లో తేలిపోవాల్సిన ఊహ మూడు నెలలు పెరిగింది. తీరా కలిసినప్పుడు అవతలి వ్యక్తి మంచివారే అయినా, ఊహించుకున్న మనిషి మాత్రం కారు. యాప్‌లలో ఎక్కువకాలం ఉన్నవాళ్లు ఇప్పుడు ఇచ్చే సలహా, 'చాట్‌ను లాగొద్దు, త్వరగా కాల్ చేసుకోండి లేదా కలవండి' అన్నది, ఆ అనుభవం నుంచే బలపడింది.

వరుస మారడంతో పాటు మాటలూ మారాయి. 2020లో ఒక కొత్త మనిషిని కలవాలంటే ముందు అడగక తప్పని ప్రశ్నలు కొన్ని వచ్చి పడ్డాయి. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారా? ఉద్యోగానికి బయటికి వెళ్తున్నారా? ఈ మధ్య ఎవరెవరిని కలిశారు? మామూలు రోజుల్లో మొదటి పరిచయంలో ఇలాంటివి అడిగితే కయ్యమే. ప్రభుత్వాలు కూడా ఈ సంకోచాన్ని పక్కన పెట్టాయి. ఒంటరిగా ఉన్నవాళ్లు తమలాంటి మరొకరితో ఒప్పందం చేసుకుని శారీరక సంబంధాన్ని ఆ ఒక్కరికే పరిమితం చేసుకోవచ్చని నెదర్లాండ్స్ ప్రజారోగ్య సంస్థ 2020 మేలో సలహా ఇచ్చింది. ఇంగ్లండ్‌లో ఒంటరి వయోజనుడున్న ఇల్లు మరో ఇంటితో జత కట్టవచ్చని జూన్‌లో అనుమతించారు. వేరే ఇంట్లో ఉండే ప్రేమికులు ఇంట్లోకి రావచ్చో లేదో చట్టం తేల్చాల్సిన పరిస్థితి అది.

2021 మేలో వైట్‌హౌస్ డేటింగ్ కంపెనీలతో కలిసి, వ్యాక్సిన్ వేయించుకున్నవాళ్లు ప్రొఫైల్‌లో బ్యాడ్జ్ పెట్టుకునే ఏర్పాటు ప్రకటించింది. బ్రిటన్‌లోనూ అలాంటిదే చేశారు. ఎవరి మాట మీద వాళ్లు పెట్టుకునే బ్యాడ్జ్ అది, ధ్రువపత్రం ఎవరూ చూడరు. ఒకటి రెండేళ్లలో దాని అవసరమే లేకుండా పోయింది.

బ్యాడ్జ్ పోయినా ముక్కుసూటి ప్రశ్నలు మాత్రం నిలిచాయి. ఆరోగ్యం గురించి మొహమాటం లేకుండా అడిగినవాళ్లకు, 'నీకు కావాల్సింది పెళ్లా, కాలక్షేపమా, ఇంకా తేల్చుకోలేదా' అని అడగడం అంత కష్టం కాలేదు. ఏ రకం సంబంధం కోసం వచ్చారో ప్రొఫైల్‌లోనే చూపే సదుపాయాన్ని టిండర్ 2022 చివర్లో తెచ్చింది. ఊసుపోక స్వైప్ చేసుకునే యాప్‌గా పేరుపడ్డ కంపెనీ ఆ దారికి రావడం చిన్న విషయం కాదు.

## అరకొర పరిచయాలు పోయిన చోటు

యాప్‌ల గురించి ఇంత చర్చ జరుగుతుంటే, అసలు పెద్ద నష్టం యాప్‌ల బయట జరిగింది. పేరు కూడా సరిగ్గా తెలియకుండా రోజూ తల ఊపి పలకరించుకునే మనుషులు ఉంటారు. లిఫ్ట్‌లో, బస్సులో, ఆఫీసులో వేరే విభాగంలో, వ్యాయామశాలలో. ఇలాంటి అరకొర పరిచయాల విలువను సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రనోవెటర్ 1973లో చూపించారు. దగ్గరివాళ్లకు తెలిసిన మనుషులు చాలావరకు మనకూ తెలిసినవాళ్లే. కొత్త ఉద్యోగం కబురైనా, కొత్త మనిషైనా, మన వలయం బయటి నుంచి రావాలంటే ఈ ముఖపరిచయాలే దారి.

లాక్‌డౌన్‌లో దగ్గరివాళ్లతో బంధం ఫోన్లమీద నిలబడింది. కొన్నిచోట్ల గట్టిపడింది కూడా. ముఖపరిచయాలు మాత్రం ఒక్కసారిగా తెగిపోయాయి. రోజూ బస్‌స్టాపులో కనిపించే మనిషికి వీడియో కాల్ ఎవరు చేస్తారు? నంబరే ఉండదు.

ఇందులో ఇంకో సూత్రం దాగి ఉంది. ఒకే మనిషిని, ఒకే వస్తువును పదేపదే చూస్తుంటే ఏ ప్రత్యేక కారణం లేకుండానే ఇష్టం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయోంక్ 1968లో ప్రయోగాలతో నిరూపించారు. అంతకుముందు 1950లో లియాన్ ఫెస్టింగర్ బృందం విద్యార్థుల ఇళ్ల సముదాయంలో చేసిన అధ్యయనంలో, ఎవరు ఎవరికి మిత్రులవుతారన్నది అభిరుచుల కంటే తలుపుల మధ్య దూరం మీద, మెట్లు ఎక్కడున్నాయన్న దానిమీద ఎక్కువ ఆధారపడుతుందని తేలింది. ఆఫీసుల్లో, కాలేజీల్లో ప్రేమలు పుట్టడానికి కారణం ఇదే. మొదటి చూపులో నచ్చనివాళ్లు ఆరు నెలల్లో నచ్చుతారు. యాప్‌లో ఆ ఆరు నెలలు ఉండవు. ఒక ఫొటో, రెండు క్షణాలు, ఎడమకో కుడికో.

కాబట్టి ఇంటి నుంచి పని మామూలు అయినప్పుడు పోయింది ప్రయాణం ఒక్కటే కాదు. నెమ్మదిగా నచ్చే మనుషులకు ఉన్న అవకాశం కూడా పోయింది. యాప్‌లో చకచకా నెగ్గే రకం మనుషులు వేరు, రోజూ చూడగా చూడగా నచ్చే రకం వేరు. రెండో రకానికి ఉన్న వేదికను కొవిడ్ కుదించింది. యాప్‌ల మీద ఇప్పుడు వినిపించే విసుగులో కొంత భాగం నిజానికి యాప్‌ల తప్పు కాదు. మిగతా దారులు మూసుకుపోయి బరువంతా ఒకే దారి మీద పడటం వల్ల వచ్చింది.

అయితే దీన్ని కూడా పూర్తిగా కొవిడ్ ఖాతాలో వేయలేం. అమెరికా సర్జన్ జనరల్‌గా, అంటే అక్కడి ప్రభుత్వ ప్రధాన ప్రజారోగ్య అధికారిగా, ఉన్న వివేక్ మూర్తి ఒంటరితనంపై 2023 మేలో ఇచ్చిన హెచ్చరికలో ఒక లెక్క ఉంది. అక్కడ మనుషులు మిత్రులతో నేరుగా గడిపే సమయం 2003లో రోజుకు సగటున 60 నిమిషాలు. 2020కి అది 20 నిమిషాలు. కానీ 2019లోనే అది 34కు పడిపోయి ఉంది. అంటే పడిపోవడంలో సగానికి పైగా వైరస్ రాకముందే జరిగింది. 15 నుంచి 24 ఏళ్లవాళ్లలో ఈ తగ్గుదల మరింత ఎక్కువ, దాదాపు 70 శాతం. 2020, 2021లలో 18 ఏళ్లు నిండినవాళ్లు, కొత్త మనుషులతో మాట కలపడం, కాదంటే ఊరుకోవడం నేర్చుకునే వయసులో గదిలో ఉన్నారు. వాళ్లకు తెలిసిన మొదటి పద్ధతి తెరదే.

## మోసగాళ్లకు దొరికిన సందు

'కొవిడ్ కదా, ఇప్పుడు కలవలేను.' 2020లో ఈ మాటను ఎవరూ అనుమానించలేదు. ప్రేమ పేరుతో డబ్బు గుంజేవాళ్లకు ఇంతకంటే మంచి సాకు ఎప్పుడూ దొరకలేదు. అంతకుముందు వాళ్లు ఓడలో ఉద్యోగమనో, విదేశంలో సైన్యమనో కథ అల్లాల్సి వచ్చేది. ఇప్పుడు కథ ప్రభుత్వమే ఇచ్చింది.

అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు అందిన ఫిర్యాదుల ప్రకారం ప్రేమ మోసాల్లో పోయిన సొమ్ము 2019లో 20.1 కోట్ల డాలర్లు, 2020లో 30.4 కోట్లు, 2021లో 54.7 కోట్లు, 2022లో 130 కోట్లు. ఇది ఫిర్యాదు చేసినవాళ్ల లెక్క మాత్రమే. సిగ్గుతో నోరు విప్పనివాళ్లు దీని బయటే ఉంటారు. లాక్‌డౌన్లు ముగిసినా అంకె తగ్గకపోగా ఎగబాకింది. అందుకు కారణం మోసం తీరు మారడం. ఆసుపత్రి ఖర్చనో, విమానం టికెట్టనో ఒకసారి అడగడం పాత పద్ధతి. 'పిగ్ బుచరింగ్' అంటున్న కొత్త పద్ధతిలో అసలు డబ్బే అడగరు. వారాల తరబడి పరిచయం పెంచి, క్రిప్టోకరెన్సీలో తమకు లాభాలు వస్తున్నాయని మాటల్లో చెప్పి, నకిలీ ట్రేడింగ్ యాప్‌లో బాధితులు తమంతట తామే డబ్బు పెట్టేలా చేస్తారు. తెరమీద లాభం పెరుగుతూ కనిపిస్తుంది. తీసుకోబోతే పన్ను కట్టమంటారు, ఫీజు కట్టమంటారు. ఒక్కొక్కరు పోగొట్టుకునే మొత్తం అందుకే పెరిగింది.

దీనికీ కొవిడ్‌కూ ఇంకో లంకె ఉంది. ప్రయాణాలు ఆగిపోయి ఆగ్నేయాసియాలోని కాసినోలు, హోటళ్లు ఖాళీ అయినప్పుడు, వాటిలో కొన్నింటిని నేరముఠాలు ఆన్‌లైన్ మోసాల కేంద్రాలుగా మార్చాయి. ఉద్యోగమని నమ్మి వచ్చినవాళ్లను బంధించి, వాళ్లతోనే ఈ చాటింగ్ చేయించారు. ఇలా బలవంతంగా పనిచేస్తున్నవాళ్లు మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో దాదాపు లక్ష మంది ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో అంచనా వేసింది. అంటే తీయగా మాట్లాడే ఆ 'ప్రేమికుడి' వెనక ఇంకో బాధితుడు ఉండటం అరుదేమీ కాదు.

వీడియో కాల్ ఈ మోసాలకు కొంత అడ్డుకట్ట వేసింది. కానీ ముఖం అప్పటికప్పుడు మార్చి చూపే సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ ధీమా సడలుతోంది. సెల్ఫీలతో ఫొటోలను సరిచూసే పద్ధతిని టిండర్ 2020లో మొదలుపెట్టింది. ఇప్పుడు కదిలే ముఖాన్ని స్కాన్ చేసే పరీక్షల వైపు వెళ్తోంది.

## కంపెనీల తప్పు లెక్క

లాక్‌డౌన్ జోరు శాశ్వతమని మార్కెట్ నమ్మింది. 2021 ఫిబ్రవరిలో బంబుల్ 43 డాలర్ల ధరతో స్టాక్‌ మార్కెట్లోకి వస్తే, మొదటి రోజే షేరు 70 డాలర్లకు చేరింది. అదే నెలలో టిండర్ యజమాని అయిన మ్యాచ్ గ్రూప్, వీడియో చాట్, లైవ్ స్ట్రీమింగ్ నడిపే దక్షిణ కొరియా సంస్థ హైపర్‌కనెక్ట్‌ను 173 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఇక పరిచయాలు వీడియోలోనే మొదలై వీడియోలోనే నడుస్తాయన్నది దాని వెనక ఉన్న అంచనా.

ఆ అంచనా నిలవలేదు. తలుపులు తెరుచుకోగానే జనం బయటికి వెళ్లారు. వీడియో మధ్యలో ఒక మెట్టుగా మిగిలిందే తప్ప కలయికకు బదులు కాలేదు. 2022లోనే హైపర్‌కనెక్ట్ ఆస్తుల విలువను మ్యాచ్ గ్రూప్ 20 కోట్ల డాలర్లకు పైగా తగ్గించి రాసుకుంది. టిండర్‌లో వర్చువల్ ప్రపంచం, సొంత నాణేలు తేవాలన్న ఆలోచనలను ఆ ఏడాదే పక్కన పెట్టింది. 2024లో లైవ్ స్ట్రీమింగ్ నుంచి తప్పుకుంటున్నట్టు చెప్పింది. బంబుల్ 2024 ఫిబ్రవరిలో దాదాపు 350 ఉద్యోగాలు తీసేసింది. ఆ ఆగస్టుకల్లా షేరు 10 డాలర్ల లోపుకు వచ్చింది. మ్యాచ్ గ్రూప్‌లో డబ్బు కట్టే వాడకందార్లు 2022లో 1.6 కోట్లు దాటి, 2024 చివరికి 1.5 కోట్ల లోపుకు తగ్గారు. బ్రిటన్ నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ లెక్కలో 2023 మే నుంచి 2024 మే మధ్య టిండర్ ఒక్కటే అక్కడ 5.9 లక్షలకు పైగా వాడకందార్లను కోల్పోయింది.

ఈ పడిపోతున్న వరుసలో హింజ్ ఒక మినహాయింపు. అదీ మ్యాచ్ గ్రూప్‌దే. దాని ఆదాయం 2023లో 39.6 కోట్ల డాలర్లు, 2024లో 55 కోట్లు. స్థిరమైన సంబంధం కోసమే మా యాప్ అని చెప్పుకునే కంపెనీ అది. ప్రొఫైల్‌లో ప్రశ్నలకు జవాబులు రాయాలి, ఉచితంగా రోజుకు ఇన్నే లైకులని హద్దు ఉంటుంది. కొవిడ్‌లో పెరిగిన 'ముందే తేల్చుకుందాం' ధోరణికి ఈ అమరిక సరిగ్గా అతికింది. మిగతావి ఊసుపోక తెరిచే యాప్‌లు కాబట్టి, ఊసుపోవడానికి వేరే దారులు దొరకగానే పలచబడ్డాయి.

అయినా అన్ని యాప్‌లకూ ఉన్న మౌలిక చిక్కు ఒకటే. జంట కుదిరితే ఇద్దరు ఖాతాదారులు పోతారు. 2024 ఫిబ్రవరి 14న అమెరికాలో మ్యాచ్ గ్రూప్‌పై వేసిన దావాలో ఆరోపణ కూడా అదే: తోడు వెతికిపెట్టడం కంటే యాప్‌కు కట్టిపడేయడం మీదే వీటి దృష్టి ఉందని. ఆరోపణలు అర్థం లేనివని కంపెనీ కొట్టిపారేసింది.

## మళ్లీ బయటికి, కానీ ఏర్పాటుతో

బయటి పరిచయాలు తిరిగి వస్తున్నాయి. అయితే పాత రూపంలో కాదు. పరుగు బృందాలు, బోర్డు గేముల రాత్రులు, ముక్కూముఖం తెలియని ఐదారుగురిని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టే టైమ్‌లెఫ్ట్ లాంటి యాప్‌లు పెరిగాయి. మిత్రుల కోసం ఉన్న విభాగాన్ని బంబుల్ 2023లో విడి యాప్‌గా తెచ్చింది. వీటిలో కొంత జాయోంక్ సూత్రం పనిచేస్తుంది. వారం వారం అదే బృందంతో పరుగెత్తితే నెమ్మదిగా నచ్చేవాళ్లకు అవకాశం ఉంటుంది. తేడా ఏమిటంటే, ఇక్కడికి వచ్చేవాళ్లు కొత్తవాళ్లను కలవాలనే వస్తారు. కాస్త తీరిక, కొంత డబ్బు ఉన్నవాళ్లే ఎక్కువ. పాత ముఖపరిచయాలకు ఈ రెండూ అక్కర్లేదు. ఏ ఉద్దేశమూ లేకుండా ఒకేచోట ఉండటం వల్ల అవి అయ్యేవి. ఉద్దేశం లేని ఆ పరిచయాలను ఏ యాప్ తిరిగి తేగలదన్నది అనుమానమే.

యాప్‌ల లోపల రాబోయే మార్పు గుర్తింపు చుట్టూ తిరిగేలా ఉంది. ప్రొఫైల్‌లోని మాటలు కృత్రిమ మేధ రాసిస్తున్నప్పుడు, ముఖాన్ని కూడా తయారు చేయగలిగినప్పుడు, మెసేజ్‌ల దశలో ఆరా తీయడం వల్ల ప్రయోజనం తగ్గుతుంది. అప్పుడు రెండే దారులు. ఒకటి, 2020కి ముందులాగా త్వరగా ఎదురుపడటం. రెండు, ఎవరో ఒకరు మధ్యలో నిలబడి హామీ ఇవ్వడం. జననాల రేటు పడిపోతున్న జపాన్‌లో టోక్యో నగర పాలన రెండో దారి పట్టింది. 2024లో తెచ్చిన సొంత యాప్‌లో చేరాలంటే పెళ్లి కాలేదన్న పత్రం, ఆదాయ పత్రం చూపాలి, ఇంటర్వ్యూకు హాజరవ్వాలి. ప్రైవేటు యాప్‌లు ముఖ పరీక్ష దగ్గర ఆగుతాయా, ఇంతదాకా వస్తాయా అన్నది ఇలాంటి పత్రాలు అడిగితే ఎంతమంది వాడకందార్లు ఉంటారు, ఎంతమంది వెళ్లిపోతారు అన్న దానిమీద తేలుతుంది.